కాటా పక్కన నిలబడి ఫోన్ చూసుకునే మీకు

ఉత్తరం

కర్నూలు మార్కెట్ యార్డులో ఒక మండీలో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్న పాఠకుడు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 49. జీతం 24 వేలు. పీఎఫ్ లేదు, పింఛను రాదు. భార్య ఇంట్లోనే రవికెలు కుట్టి నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు తెస్తుంది. కూతురు బీటెక్ మూడో ఏడాది, కొడుకు ఇంటర్ మొదటి ఏడాది. మూడేళ్లలో కూతురి పెళ్లి చేయాలనుకుంటున్నారు.

2018లో మ్యూచువల్ ఫండులో నెలకు ఐదు వేల సిప్ (నెలనెలా కొంత కట్టే పద్ధతి) మొదలుపెట్టారు. అందులో రెండు వేలు భార్య కుట్టుకూలి డబ్బు. 2022 జూన్‌లో ధరలు పెరుగుతున్నాయని, మార్కెట్ ఇంకా పడుతుందని టీవీలో రోజూ విని విని, ఒకరోజు తట్టుకోలేక మొత్తం తీసేసి బ్యాంకులో వేశారు. ఆ సంగతి భార్యకు ఈరోజుకీ తెలియదు. మార్కెట్ బాగా పెరిగాక, 2024లో ఆ డబ్బు మళ్లీ ఫండులోనే పెట్టి సిప్ కూడా మొదలుపెట్టారు. ఇప్పుడు ఫండులో ఆరు లక్షలు, బ్యాంకు డిపాజిట్‌గా రెండు లక్షలు, వీధిలో ఒకావిడ దగ్గర కట్టే చీటీలో రెండు లక్షలు ఉన్నాయి.

"మళ్లీ ధరలు పెరుగుతాయంటున్నారు. పొద్దున తొమ్మిదింబావుకు షేర్ మార్కెట్ తెరిచినప్పటి నుంచి కాటా పక్కన నిలబడి ఫోనే చూస్తుంటాను. పోయిన నెల రైతు సరుకు లెక్క రాసే కాగితం, అదే తక్‌పట్టీలో 47 బస్తాలు రాయాల్సింది 74 రాశాను. 'అన్నా, నేను అన్ని తేలేదు' అని రైతే చెప్పాడు. మా యజమాని అందరి ముందూ కేకలేశాడు. నాకు ఒకటి అర్థం కాదు. ధరలు పెరిగితే కంపెనీలకు లాభమే కదా, మరి షేర్లు ఎందుకు పడతాయి? మా యార్డులో ఎర్రగడ్డ (ఉల్లి) అడిగే దిక్కు లేక రైతులు పారబోసి పోతుంటే, టీవీలో ధరలు మండుతున్నాయంటారు. ఇందులో ఏది నిజం?"

భార్య పుట్టిల్లు ప్రొద్దుటూరు. అంతా తీసి బంగారం కొందామని ఆమె అంటోంది. అక్క కొడుకేమో రెండు లక్షలు ఇస్తే షేర్ల ధరల మీద పందెంలాంటి ఆప్షన్స్‌లో ఆరు నెలల్లో రెట్టింపు చేస్తానంటున్నాడు. మొత్తం తీసేయాలా, ఉంచాలా, బంగారం కొనాలా, 2022 సంగతి భార్యకు చెప్పాలా అన్నవి వారి ప్రశ్నలు.

జవాబు

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ తక్‌పట్టీ సంగతి. ఇరవై రెండేళ్లు లెక్క తప్పని చెయ్యి తప్పింది. ఆ రైతు నిజాయితీపరుడు కాబట్టి సరిపోయింది. మీకు మార్కెట్ వల్ల ఈ ఏడాది ఎంత పోయిందో తెలియదు కానీ, ఆ ఉద్యోగానికి ముప్పు వస్తే పోయేది మాత్రం నెలకు 24 వేలు. అందుకే మీరు అడిగినవాటిలో "షేర్లు ఎందుకు పడతాయి" అన్నదాన్ని ముందు తీసుకుంటాను. కారణం తెలియనిదాన్ని చూసే ఎక్కువ భయపడతాం. ఈ కారణం మీకు తెలిసిందే. రోజూ మీ కళ్ల ముందు జరిగేదే.

కందులు కొని గోడౌన్‌లో పెట్టుకునే వ్యాపారిని మీరు చూసే ఉంటారు. ఆరు నెలల తర్వాత క్వింటాలు ఎనిమిది వేలు పలుకుతుందని అతని అంచనా అనుకోండి. నూటికి రూపాయి వడ్డీకి డబ్బు దొరికితే వేలంలో ఏడున్నర వేల దాకా పాడతాడు. అదే వడ్డీ రెండు రూపాయలైతే 7,100 దాటి పాడడు. గోడౌన్ బాడుగ, తన లాభం తీస్తే ఇంకా తగ్గుతాడు. కంది అదే కంది. బస్తా మారలేదు, తూకం మారలేదు, ఆరు నెలల తర్వాతి ధర కూడా మారలేదు. వడ్డీ మారింది కాబట్టి ఇవాళ్టి పాట తగ్గింది.

షేరు కూడా అలాంటి బస్తానే. కంపెనీకి రాబోయే పదేళ్లలో, ఇరవై ఏళ్లలో వచ్చే లాభాలకు ఇవాళ కట్టే వెల అది. వడ్డీ పెరిగితే ఆ వెల తగ్గుతుంది. ఆరు నెలల కందికే అంత తేడా వస్తే, ఇరవై ఏళ్ల లాభాల మీద ఎంత తేడా పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. పైగా బ్యాంకులోనే మంచి వడ్డీ వస్తుంటే షేర్లలో రిస్క్ ఎందుకని కొందరు పక్కకు తప్పుకుంటారు. వేలంలో పాడేవాళ్లు తగ్గితే ఏమవుతుందో రోజూ చూసేది మీరే.

ధరలకూ వడ్డీకీ లంకె రిజర్వు బ్యాంకు దగ్గర ఉంది. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచాలని, అది 2 నుంచి 6 శాతం మధ్యే ఉండాలని 2016 నుంచి ఆ బ్యాంకుకు ఒక లక్ష్యం ఉంది. 2022 ఏప్రిల్‌లో అది 7.79 శాతానికి వెళ్లింది. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె, ముడి చమురు మండిపోయిన రోజులవి. రిజర్వు బ్యాంకు మామూలు సమావేశం దాకా కూడా ఆగకుండా మే 4న రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతం నుంచి 4.40కి పెంచింది. 2023 ఫిబ్రవరికి అది 6.50 అయింది. అమెరికాలో 2022 జూన్‌లో ధరల పెరుగుదల 9.1 శాతం. అక్కడి కేంద్ర బ్యాంకు సున్నా దగ్గరున్న వడ్డీని 2023 జూలైకల్లా 5.25 దాటించింది. సొంత దేశంలోనే, ఏ రిస్కూ లేకుండా వడ్డీ వస్తుంటే విదేశీ మదుపరులు ఇక్కడ షేర్లు అమ్ముకుని వెళ్లారు. వాళ్లు డాలర్లు పట్టుకుపోతే రూపాయి పడింది. రూపాయి పడితే దిగుమతి చేసుకునే చమురు ఇంకా ప్రియమైంది. మీరు డబ్బు తీసేసిన జూన్ నెల సరిగ్గా దీని మధ్యలో ఉంది. కాబట్టి ఆ రోజు మీరు లేనిదాన్ని ఊహించుకుని భయపడలేదు. ఉన్నదాన్ని చూసే భయపడ్డారు. మిమ్మల్ని మీరు అంత తిట్టుకోకండి.

కానీ తర్వాత జరిగింది కూడా చూడాలి. యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ ఆ జూన్ మధ్యలో 15,200 దరిదాపుల్లో ఉంది. డిసెంబరు మొదట్లో 18,800 దాటింది. ఆ ఆరు నెలల్లో రిజర్వు బ్యాంకు వడ్డీ పెంచడం ఆపలేదు, పెంచుతూనే ఉంది. అయినా మార్కెట్ ఎందుకు లేచింది? 2023 ఆగస్టులో ఎర్రగడ్డ ఎగుమతి మీద కేంద్రం 40 శాతం సుంకం వేసినప్పటి సంగతి గుర్తు తెచ్చుకోండి. సుంకం వార్త రాగానే, ఓడరేవులో ఒక్క లారీ ఆగకముందే మార్కెట్లలో పాట మారిపోయింది. షేర్ మార్కెట్ కూడా అంతే. రాబోయే కష్టానికి ముందే తగ్గుతుంది. కష్టం అనుకున్నంత లేదని తేలితే, అది నడుస్తుండగానే లేస్తుంది. టీవీలో వార్త విని మనం అమ్మే సమయానికి ఆ వార్త తాలూకు తగ్గుదల చాలావరకు అయిపోయి ఉంటుంది.

అయితే ప్రతిసారీ ఆరు నెలల్లో కోలుకుంటుందని నేను మాట ఇవ్వలేను. 2008 జనవరిలో నిఫ్టీ 6,300 ఎక్కి కూలింది. ఆ మెట్టును గట్టిగా దాటడానికి 2014 దాకా పట్టింది. ఆరేళ్లు. ఈ లెక్క ఈ జవాబులోనే ఇంకాస్త కింద మనకు పనికొస్తుంది.

ధరలు పెరిగితే కంపెనీలకు లాభమే కదా అన్నారు. కొన్నిటికి అవును. నూనె ధర పెరిగినప్పుడు కర్నూలులో పేరున్న హోటల్ ఉగ్గాని, బజ్జి ప్లేటుకు పది రూపాయలు పెంచినా జనం తగ్గరు. పక్కనున్న బండి అతను ఐదు పెంచితే గిరాకీ పోతుంది, పెంచకపోతే మిగిలేది పోతుంది. కంపెనీల్లోనూ ఈ రెండు రకాలూ ఉంటాయి. పది రూపాయల సబ్బు ధర పెంచకుండా సబ్బునే చిన్నది చేసే కంపెనీలను ఇంట్లో మీరు చూస్తూనే ఉంటారు. ఎవరు పెంచగలరో, ఎవరు పెంచలేరో ఒక్కొక్క షేరు చూసి ఎంచడం మనలాంటివాళ్ల పని కాదు. మీరు ఫండులో పెట్టింది అందుకే.

ఇక ఎర్రగడ్డ సంగతి. మీరు చూసేదీ నిజమే, టీవీ చెప్పేదీ నిజమే. 2012ను ఆధారంగా తీసుకుని లెక్కించిన వినియోగదారుల ధరల సూచీలో తిండి, పానీయాల వాటా దాదాపు 46 శాతం ఉండేది. అందుకే కూరగాయలు సూచీని ఊపేసేవి. 2023 జూలైలో కిలో టమాటా కొన్నిచోట్ల రెండు వందలకు పోయినప్పుడు సూచీ పెరుగుదల 7.44 శాతానికి ఎగిరింది. మన పత్తికొండ రైతుకు ఎన్నో ఏళ్ల తర్వాత నాలుగు రూపాయలు కనపడిన నెల అది. టీవీలో దాన్నే ధరల మంట అన్నారు. కానీ రిజర్వు బ్యాంకు అప్పుడు వడ్డీ పెంచలేదు. కొత్త పంట వస్తే టమాటా దిగుతుందని దానికి తెలుసు. నిఫ్టీ అదే నెలలో 20 వేల దగ్గర, అప్పటికి ఎన్నడూ లేనంత ఎత్తులో ఉంది. తర్వాత 2025లో ఇది తిరగబడింది. దేశంలో ధరల పెరుగుదల అక్టోబరుకు పావు శాతానికి పడిపోయింది. కర్నూలు యార్డులో ఎర్రగడ్డ కొనేవాళ్లు లేక ప్రభుత్వం క్వింటాలు 1,200కు కొంటామని ముందుకు రావాల్సి వచ్చిన ఏడాది కూడా అదే. సూచీ తగ్గిందని మార్కెట్ సంతోషపడే రోజు, పంట పారబోసి ఖాళీ బండితో ఇంటికి పోయే రైతు ఒకడు ఉంటాడు. ఆ రైతు మొహం మీరు చూస్తారు, అందుకే ఆ అంకెలు మీకు మింగుడు పడవు. అది మీలో ఉన్న మంచితనమే. దాన్ని పోగొట్టుకోవద్దు.

కాబట్టి "ధరలు పెరుగుతున్నాయి" అని విన్నప్పుడు ఏ ధర అని అడగండి. కూరగాయలు ఒక్కటేనా, లేక డీజిల్, బాడుగలు, ఫీజులు, ఆసుపత్రి బిల్లులు, కూలి, అన్నీ కలిసి పెరుగుతున్నాయా? మొదటిది వానతో, పంటతో వచ్చి పోతుంది. రెండోది వచ్చినప్పుడే వడ్డీ కదులుతుంది.

ఇప్పుడు మీ పది లక్షల దగ్గరికి వద్దాం. మీ భయమంతా ఫండులో ఉన్న ఆరు లక్షల మీద ఉంది, రోజూ ఫోన్‌లో అంకె కనపడుతుంది కాబట్టి. నాకు అంతకన్నా ఎక్కువ భయంగా ఉన్నది అంకె కనపడని చీటీ. మా అమ్మ ఇలాగే నమ్మకమైన మనిషి దగ్గర నాలుగేళ్లు చీటీ కట్టింది. ఒక తెల్లవారుజామున ఆ ఇంటికి తాళం పడింది. అమ్మ ఆ ఇంటి గడప మీద మధ్యాహ్నం దాకా కూర్చుని వచ్చింది. ఆ డబ్బు గురించి తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు. మీ వీధిలో ఆవిడ మంచిదే కావచ్చు. కానీ చీటీ నడపాలంటే చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకపోతే తేడా వచ్చిన రోజు మీ చేతిలో కాగితం ఉండదు. వచ్చే పాటలోనో, ఆ తర్వాతి పాటలోనో కొంత నష్టానికైనా పాడి తెచ్చుకునే వీలుందా చూడండి. ఆఖరి దాకా ఆగితే కాస్త ఎక్కువ వస్తుంది, నిజమే. ఆ కాస్త కోసం రెండు లక్షల మొత్తాన్ని అక్కడ ఉంచడం మాత్రం నాకు ఇష్టం లేదు.

ఫండు మొత్తం తీసేస్తే ఏమవుతుంది? రాత్రి నిద్ర పడుతుంది, దాని విలువ చిన్నదేం కాదు. బ్యాంకులో ఐదు లక్షల దాకా బీమా కూడా ఉంటుంది. అయితే 2022లో మీరు బ్యాంకులో వేసినప్పుడు ఏడాది డిపాజిట్‌కు వచ్చింది ఐదు, ఐదున్నర శాతం. ఆ ఆర్థిక సంవత్సరంలో ధరలు సగటున 6.7 శాతం పెరిగాయి. పాస్‌బుక్కులో అంకె పెరిగింది, ఆ డబ్బుతో వచ్చే సరుకు తగ్గింది. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. ఇవాళ ఇల్లు నెలకు 25 వేలతో నడుస్తుంటే, మీకు 61 వచ్చేసరికి 50 వేలు కావాలి. పింఛను లేదు. ధరల భయంతో అన్నీ బ్యాంకులో దాచుకుంటే, సరిగ్గా ఆ ధరల చేతికే మీ ముసలితనాన్ని అప్పగించినట్టవుతుంది.

పోనీ కదపకుండా ఉంచేస్తే? పెళ్లి మూడేళ్లలో అన్నారు. ఇందాక చెప్పిన ఆరేళ్లు గుర్తు చేసుకోండి. పెళ్లి ఏడాదే మార్కెట్ మూడో వంతు పడితే, ముహూర్తం దాని కోసం ఆగదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. ఏడాదికి 24 శాతం. ఏ ఫండూ ఏటా అంత సంపాదించి పెడుతుందని నమ్మలేం.

మధ్యదారి ఒకటుంది, నా మనసు దాని వైపే ఉంది. ఏ డబ్బు ఎప్పుడు కావాలో చూసి విడదీయడం. బ్యాంకులో ఉన్న రెండు లక్షలు జబ్బుకూ, ఉద్యోగం పోతే ఆరు నెలల ఇంటి ఖర్చుకూ అలాగే ఉండనివ్వండి. పెళ్లికి చీటీ డబ్బు, దానికి తోడు ఫండులోంచి రెండు లక్షలు. ఈ రెండు లక్షలను ఒక్క రోజులో కాకుండా, రాబోయే ఏడాదిలో మూడు, నాలుగు విడతలుగా తీసి డిపాజిట్‌కు మార్చండి. మార్కెట్ ఎలా ఉన్నా తీయండి, మంచి రోజు కోసం చూడొద్దు. ఏడాది దాటిన ఈక్విటీ ఫండు (షేర్లలో పెట్టే ఫండు) మీద లాభం సంవత్సరానికి లక్షా పాతికవేల లోపు ఉంటే పన్ను పడదు, కాబట్టి అది పెద్ద చిక్కు కాదు. కొడుకు బీటెక్ మొదటి ఏడాది ఫీజు కూడా రెండేళ్లలో ఉంది. అది లెక్కకు తక్కువ పడితే ఇంకో యాభై వేలు ఇలాగే తీయాల్సి వస్తుంది. మిగిలిన మూడున్నర, నాలుగు లక్షలూ, నెలనెలా సిప్పూ మీ ముసలితనానివి. పదేళ్ల దాకా ముట్టుకునే పని లేని డబ్బుకు ఈ నెల ధరల వార్తతో సంబంధం లేదు. మార్కెట్ పడ్డ నెలలో అదే సిప్‌కు ఎక్కువ యూనిట్లు వస్తాయి. ఎర్రగడ్డ దిగినప్పుడు అదే వంద రూపాయలకు ఎక్కువ కిలోలు వచ్చినట్టే.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. ఆ నాలుగు లక్షలు ఏదో ఒక ఏడాది మూడు లక్షలుగా కనపడతాయి. ఆ రోజు మీరు మళ్లీ 2022 జూన్‌లోలా చేస్తారేమో అని మీకే అనుమానం ఉంటే, కొత్తగా కట్టేదాంట్లో కొంత జాతీయ పింఛను పథకం, అంటే ఎన్‌పీఎస్‌లో వేయడం గురించి ఆలోచించండి. 49 ఏళ్లకు చేరవచ్చు. అరవై దాకా చాలావరకు చేతికి రాదు, ఆ తర్వాత కూడా, జమ అయింది చిన్న మొత్తమైతే తప్ప, కొంత భాగం పింఛనుగానే తీసుకోవాలి. వేరేవాళ్లకు అది లోపం. భయపడిన రోజున చేతికి అందకపోవడం మీకు మేలు చేయవచ్చు.

బంగారం విషయంలో మీ ఇంటావిడ మాటను తీసిపారేయకండి. ఆమె మీకన్నా తెలివిగా ఒక సంగతి పట్టుకుంది. పెళ్లికి ఎలాగూ బంగారం కొనాలి. మీ ఇంటికి అన్నిటికన్నా పెద్ద ధరల పెరుగుదల అదే. అయిదు తులాలు పెట్టాలనుకుంటే, ఆ అయిదు తులాలు ఇప్పటి నుంచి కొద్దికొద్దిగా కొనడం మదుపు కాదు, రేపటి ఖర్చును ఇవాళే కొంచెం కొంచెం తీర్చుకోవడం. నగలుగా ఇప్పుడే చేయించొద్దు. డిజైను పాతబడుతుంది, మార్చుకోబోతే తరుగు, మజూరీ రెండోసారి పోతాయి. హాల్‌మార్క్ ఉన్న నాణేలు కొంటే చాలు. కానీ ఆరు లక్షలూ బంగారంలో పెట్టడం వేరే సంగతి. బంగారం ఎప్పుడూ పడదని ప్రొద్దుటూరు బజారులో కూడా అనుభవమున్నవాళ్లు అనరు. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకి, 1999కల్లా 250 దగ్గరికి వచ్చింది. 2013 ఒక్క ఏడాదిలోనే డాలర్లలో నాలుగో వంతుకు పైగా పడింది. మన రూపాయి కూడా పడుతూ వచ్చింది కాబట్టి ఇక్కడ ఆ దెబ్బ అంతగా కనపడలేదు.

అక్క కొడుకు మాటకు మాత్రం రెండు వైపులూ చూపించలేను. ఇవ్వకండి. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటి మందికి పైగా మామూలు జనం లెక్కలు షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సంస్థ సెబీ తీసి 2024 సెప్టెంబరులో బయటపెట్టింది. మూడేళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. "మామా, నేను నేర్చుకున్నా" అని అంటాడు. ఆ 93 మందీ నేర్చుకున్నామనే దిగారు. ఆ అబ్బాయి మీద కోపం వద్దు. వీలైతే అతన్ని కూడా ఆపండి.

ఇక 2022 సంగతి. చెప్పకపోయినా జరిగిపోతుంది. ఆ డబ్బు మళ్లీ ఫండులోనే ఉంది, ఆమెకు తెలిసే దారి లేదు. కానీ ఇప్పుడు చేయాల్సినవన్నీ ఆమెతో కలిసి చేయాల్సినవే. చీటీ పాడాలి, పెళ్లికి ఎంతో తేల్చాలి, నాణేలు కొనాలి. మధ్యలో ఏదో ఒక పాత స్టేట్‌మెంటులో 2022 జూన్ తేదీ బయటపడితే, పోయిన లాభం కన్నా దాచినందుకే ఆమె ఎక్కువ బాధపడుతుంది. అందులో ఆమె సూదిపోటు పడ్డ రెండు వేలు నెలనెలా ఉన్నాయి. చెబితే వారం రోజులు ఇంట్లో మాటలుండకపోవచ్చు. ఫండంటేనే నమ్మకం పోయి "అంతా బంగారమే" అని పట్టుబట్టవచ్చు కూడా. దానికి సిద్ధపడే చెప్పండి. నా అభిప్రాయం, చెప్పడమే మంచిది. పిల్లలు ఇంట్లో లేనప్పుడు పాత స్టేట్‌మెంటు ఆమె చేతిలో పెట్టి, ఆ రోజు ఎంత భయపడ్డారో, ఎందుకు చెప్పలేకపోయారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ ఉత్తరంలో నాకు చెప్పిన మాటలే చాలు.

రేపటి నుంచి వేలం మొదలయ్యే ముందు ఫోన్ గల్లాపెట్టెలో పెట్టి, తక్‌పట్టీలన్నీ రాసి సంతకాలయ్యాకే తీయండి. ఫండు విలువ నెలకు ఒక్కరోజు, సిప్ కట్ అయిన రోజున, ఇద్దరూ కలిసి చూడండి. చీటీ సంగతి ఏమైందో మళ్లీ రాయండి. దాని కోసం ఎదురుచూస్తుంటాను.